పాస్టర్ గారబ్బాయి పియానో: న్యాట్ కింగ్ కోల్

న్యాట్ కింగ్ కోల్ అనగానే పాత ఇంగ్లీషు పాటలు వినే అలవాటున్న వాళ్లకి ఒక గొంతు గుర్తొస్తుంది. గట్టిగా అరవదు, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. కానీ 1940ల మొదట్లో అమెరికాలో జాజ్ సంగీతం తెలిసిన వాళ్లని అడిగి ఉంటే ఆయన్ని గాయకుడు అనేవాళ్లు కాదు. పియానో వాయించే మనిషి, మధ్యమధ్యలో సరదాకి పాడతాడు అనేవాళ్లు. ఆ పియానో ఎలా మొదలైంది, ఎలా మారుతూ వచ్చింది, చివరికి గొంతు వెనక్కి ఎందుకు వెళ్లిపోయింది అన్నదే ఇక్కడ చెప్పుకునేది.

అసలు పేరు నతానియెల్ ఆడమ్స్ కోల్స్. 1919 మార్చి 17న అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో పుట్టాడు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి వాళ్లకి బస్సులో సీటు వేరు, బడి వేరు, నీళ్ల కుళాయి కూడా వేరు. ఆ అవమానాలు తట్టుకోలేక, పని వెతుక్కుంటూ లక్షలాది కుటుంబాలు ఉత్తరాది నగరాలకి వలస వెళ్లాయి. కోల్స్ కుటుంబం అలాగే షికాగో చేరింది. అప్పటికి న్యాట్‌కి నాలుగేళ్లు.

తండ్రి ఎడ్వర్డ్ కోల్స్ బాప్టిస్ట్ చర్చిలో పాస్టర్. తల్లి పెర్లీనా అదే చర్చిలో ఆర్గన్ వాయించేవారు. న్యాట్‌కి మొదటి ఉస్తాద్ అమ్మే. ఆమె ఒళ్లోనే మెట్లు గుర్తుపట్టడం నేర్చుకున్నాడు. నాలుగేళ్లకే అప్పట్లో వీధివీధినా మోగుతున్న ఒక అరటిపండ్ల హాస్యగీతాన్ని జనం ముందు వాయించాడని చెబుతారు. పన్నెండేళ్లు వచ్చాక పద్ధతి ప్రకారం తాలీం మొదలైంది. బాఖ్ దగ్గర్నుంచి రఖ్మానినోవ్ దాకా యూరప్ శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నాడు. ఆదివారం చర్చిలో వాయించేవాడు. అన్నదమ్ములు నలుగురూ, ఎడ్డీ, న్యాట్, ఐక్, ఫ్రెడ్డీ, సంగీతంలోకే వచ్చారు. ఒకే తల్లి చేతి చలవ అది.

ఇల్లు దాటితే మాత్రం ఇంకో లోకం. వాళ్లుండే బ్రాంజ్‌విల్ పేట ఆ రోజుల్లో జాజ్‌కి పుట్టిల్లు లాంటిది. రాత్రయితే క్లబ్బుల్లోంచి వాద్యాల మోత. పిల్లాడు ఇంట్లోంచి జారుకుని వెళ్లి క్లబ్బు బయట నిలబడి వినేవాడు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్, జిమ్మీ నూన్ క్లారినెట్, అన్నిటికంటే ఎక్కువగా ఎర్ల్ హైన్స్ పియానో. టికెట్టు కొనే స్తోమత లేదు, లోపలికి వెళ్లే వయసూ లేదు. గోడ అవతల నిలబడి నేర్చుకున్న షాగిర్ద్ అన్నమాట.

పాస్టర్ గారికి ఇది నచ్చలేదు. కొడుకు వేళ్లు దేవుడి సన్నిధిలో వాయించాలి గానీ తాగుడు కొట్ల కోసం కాదన్నది ఆయన బాధ. సంగీతం తగునా తగదా అన్న వాదన మన ఇళ్లలో కొత్తది కాదు. ఖవ్వాలీ దగ్గర ఆగేవాళ్లున్నారు, నాత్ తప్ప ఇంకేదీ వద్దనేవాళ్లున్నారు. షికాగోలో ఆ పాస్టర్ ఇంట్లో కూడా గీత ఎక్కడ గీయాలన్నదే గొడవ. ఎడ్డీ అప్పటికే బేస్ వాయిద్యం పట్టుకుని ఆ గీత దాటేశాడు. వెనకే న్యాట్.

హైన్స్ దగ్గర ఏం నేర్చుకున్నాడో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఆ కాలపు జాజ్ పియానోలో ఎడమ చెయ్యి గడియారంలా పనిచేసేది. కింద ఒక మోత, పైన ఒక మోత, మళ్లీ కింద, మళ్లీ పైన. దాన్ని స్ట్రైడ్ అంటారు. కుడి చెయ్యి దాని మీద అల్లికలు అల్లేది. హైన్స్ ఏం చేశారంటే, కుడి చేత్తో ట్రంపెట్ ఊదుతున్నట్టు ఒకే గీతని బలంగా, స్పష్టంగా పలికించారు. ఎడమ చెయ్యి నడకని ఉన్నట్టుండి తెంచేసి, వినేవాడు తాళం తప్పిందేమో అనుకునేలోపు సరిగ్గా సమం మీదకి వచ్చి వాలేవారు. కుర్ర న్యాట్ ఇదంతా పట్టేశాడు. 1936లో, పదిహేడేళ్ల వయసులో, అన్న ఎడ్డీ బృందంతో కలిసి డెక్కా కంపెనీకి మొదటి రికార్డులు ఇచ్చాడు. వాటిలో వినపడేది పరుగులు పెట్టే, తన సత్తా అంతా ఒకేసారి చూపించాలని తొందరపడే కుర్రాడు. హైన్స్ నీడ ఇంకా పోలేదు.

ఆ తర్వాత బడి మానేశాడు. 'షఫుల్ ఎలాంగ్' అనే సంగీత నాటకం ఊరూరా తిరుగుతుంటే అందులో పియానో వాయించడానికి చేరాడు. అదే నాటకంలో డాన్సు చేసే నడీన్ రాబిన్సన్‌ని 1937లో పెళ్లి చేసుకున్నాడు. నాటకం కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ చేరేసరికి డబ్బుల్లేక మూతపడింది. ఇంటికి రెండు వేల మైళ్ల దూరంలో కొత్త దంపతులు చిక్కుకుపోయారు. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు. శాన్ డియేగో నుంచి బేకర్స్‌ఫీల్డ్ దాకా తను వాయించని బీరు కొట్టు లేదని తర్వాత చెప్పుకునేవాడు. రాత్రికి ఐదు డాలర్లు దొరికితే గొప్ప. తండ్రి ఏ జాగా వద్దన్నారో సరిగ్గా అదే జాగా.

ఆ ఏడాదే లాస్ ఏంజెలెస్‌లో స్వానీ ఇన్ అనే చోట ఒక చిన్న బృందం కావాలని అడిగారు. గిటార్‌కి ఆస్కర్ మూర్, బేస్‌కి వెస్లీ ప్రిన్స్ వచ్చారు. రావాల్సిన డ్రమ్మర్ రాలేదని, అందుకే ముగ్గురే మిగిలారని వాడుకలో ఉన్న కథ. చిన్న పిల్లల పాటలో కోల్ అనే ముసలి రాజు ఉంటాడు, ఆ పేరు మీదే వీళ్లకి కింగ్ కోల్ ట్రయో అని స్థిరపడింది. ఇంటిపేరు చివరి స కూడా రాలిపోయి కోల్స్ కాస్తా కోల్ అయింది.

డ్రమ్స్ లేని జాజ్ బృందం అంటే ఢోలక్ లేని ఖవ్వాలీ పార్టీ లాంటిది. తాళం ఎవరు మోస్తారు? ముగ్గురూ తలా కొంచెం పంచుకోవాలి. న్యాట్ వాయించే తీరు అసలు మారింది ఇక్కడే. బేస్ కింది మోతల్ని చూసుకుంటుంటే, గిటార్ నడకని చూసుకుంటుంటే, పియానో ఎడమ చెయ్యి ఇక గడియారంలా కొట్టుకోనక్కర్లేదు. చిన్న చిన్న మోతలు, అవసరమైన చోట మాత్రమే. కుడి చేతి గీతలు పల్చబడ్డాయి, నేల మీద కాకుండా గాల్లో నడుస్తున్నట్టు తేలికయ్యాయి. ఒక్కోసారి రెండు చేతుల్నీ దగ్గరికి తెచ్చి, ఒకే రాగాన్ని నిండు స్వర సముదాయాలతో కదిలించేవారు. గిటార్, పియానో ఒకే మనిషి వాయిస్తున్నట్టు కలిసిపోయేవి. నాకు ఈ రికార్డుల్లో అన్నిటికంటే నచ్చేది ఆయన వాయించకుండా వదిలేసే చోట్లు. షికాగోలో అన్నీ చూపించాలని ఆరాటపడిన కుర్రాడు, నాలుగైదేళ్లలో ఏం దాచుకోవాలో నేర్చుకున్నాడు.

పియానో, గిటార్, బేస్ అనే ఈ కూర్పు చూసి మహామహులు అదే దారి పట్టారు. కళ్లు దాదాపుగా కనపడని ఆర్ట్ టేటమ్, అప్పటి జాజ్ పియానోకి పెద్ద ఉస్తాద్, 1943లో ఇలాంటి బృందమే కట్టుకున్నారు. కెనడా నుంచి వచ్చిన ఆస్కర్ పీటర్సన్ ఏళ్ల తరబడి ఇదే కూర్పుతో వాయించారు. పిట్స్‌బర్గ్‌లో పుట్టి, ఇరవై ఏళ్ల వయసులో ఇస్లాం స్వీకరించిన అహ్మద్ జమాల్ తొలి బృందం కూడా పియానో, గిటార్, బేసే. డ్రమ్స్ లేవు. తక్కువ వాయించి ఎక్కువ వినిపించడంలో జమాల్ సాహెబ్ తర్వాత ఎంత దూరం వెళ్లారో జాజ్ వినేవాళ్లకి తెలుసు.

పాట ఎలా వచ్చిందన్నదానికి కూడా ఒక కథ ఉంది. ఎవరో తాగిన కస్టమర్ పట్టుబట్టి పాడించాడని. న్యాట్ ఆ కథని నవ్వుతూ వదిలేసేవారు గానీ, అసలు సంగతి మామూలుదే. రాత్రంతా వాద్యమే వింటే జనానికి విసుగు, మార్పు కోసం ఒకటీ అరా పాడేవారు. వినేవాళ్లు ఇంకోటి అడిగేవారు. 1940లో రికార్డయిన 'స్వీట్ లొరేన్' మొదటగా పేరు తెచ్చింది. ఈ పాటని 1928లో జిమ్మీ నూన్ బృందం రికార్డు చేసినప్పుడు పియానో ముందు కూర్చున్నది ఎర్ల్ హైన్స్. గోడ అవతల నుంచి ఆ ఇద్దరినీ విన్న పిల్లాడు, ఆ పాటతోనే గాయకుడిగా బయటపడ్డాడు.

1943 నవంబరులో ఇంకా విచిత్రమైన పని చేశారు. తండ్రి చర్చిలో ప్రసంగాల్లో చెప్పే ఒక పిట్టకథ ఉండేది. ఒక రాబందు జంతువుల్ని వీపు మీద ఎక్కించుకుని షికారుకని తీసుకెళ్లి, పైనుంచి పడేసి తినేస్తుంటుంది. కోతి వంతు వచ్చినప్పుడు అది తన తోకని రాబందు మెడకి చుట్టి బిగిస్తుంది, తిన్నగా ఎగురు అంటుంది. నల్లజాతి వాళ్ల ఇళ్లలో ఈ కథకి ఉన్న అర్థం వేరే చెప్పక్కర్లేదు. న్యాట్ దాన్ని ఊగిపోయే పాటగా మార్చారు. 'స్ట్రెయిటెన్ అప్ అండ్ ఫ్లై రైట్' పేరుతో కొత్తగా పుట్టిన క్యాపిటల్ కంపెనీ దాన్ని విడుదల చేసింది. దేశమంతా మోగింది. కానీ ఇబ్బందుల్లో ఉన్న రోజుల్లో పాట హక్కుల్ని ఆయన ఎప్పుడో 50 డాలర్లకి అమ్మేసుకున్నారు. రాబందు కథ రాసినవాడే రాబందుకి దొరికాడని అనుకోవాలి.

ఆ రోజుల్లో కూడా పియానో వదల్లేదు. 1944 జూలై 2న లాస్ ఏంజెలెస్‌లో నార్మన్ గ్రాంజ్ ఒక పెద్ద జాజ్ కచేరీ పెట్టారు. అన్యాయంగా హత్యకేసులో ఇరికించిన మెక్సికన్ కుర్రాళ్ల తరఫున పోరాటానికి నిధుల కోసం. న్యాట్ అందులో చెలరేగి వాయించారు. రికార్డు వచ్చినప్పుడు మాత్రం క్యాపిటల్‌తో ఒప్పందం అడ్డం వచ్చి, షార్టీ నడీన్ అనే దొంగ పేరు వేశారు. భార్య పేరే వాడుకున్నారన్నమాట. ఆయన నిదానంగా వాయించే మనిషి మాత్రమే అనుకునే వాళ్లు ఆ కచేరీ వినాలి.

మలుపు 1946లో. క్రిస్మస్ మీద ఒక పాటని ముందు ముగ్గురితోనే రికార్డు చేశారు. న్యాట్‌కి తృప్తి లేదు. వయొలిన్లు కావాలన్నారు. కంపెనీకి ఇష్టం లేదు, ముగ్గురి బృందమే కదా అమ్ముడుపోతోంది అన్నది వాళ్ల లెక్క. ఆయన పట్టుబట్టి ఆగస్టులో వయొలిన్లతో మళ్లీ పాడారు. ఆ రూపమే నిలిచిపోయింది. ఈ ముక్క ఎందుకు చెప్తున్నానంటే, కంపెనీ వాళ్లు డబ్బుకోసం మంచి పియానిస్టుని పాడు చేశారని జాజ్ అభిమానులు చాలాకాలం తిట్టుకున్నారు. కానీ వయొలిన్లు అడిగింది ఆయనే. 1948లో 'నేచర్ బాయ్', 1950లో 'మోనా లీసా' వారాల తరబడి మొదటి స్థానంలో ఉన్నాయి. వాటిలో ఆర్కెస్ట్రా ఉంది, గొంతు ఉంది, పాత ముగ్గురి సందడి లేదు. 1951 నాటికి ట్రయో అనే పేరే తీసేశారు. ఆయన వేదిక మధ్యలో నిలబడ్డారు, పియానో పక్కకి జరిగింది.

వినిచూస్తే ఒకటి తెలుస్తుంది. ఆ గొంతు పాడే పద్ధతి ఆ పియానో పద్ధతే. ఒక్కో మాటని విడదీసి, చివర్లని సాగదీయకుండా, తాళానికి ఒక్క క్షణం వెనకగా పెట్టడం. ఎక్కడ ఆగాలో తెలియడం. చేతులు నేర్చుకున్నదే గొంతు చేసింది. అయినా, నా మట్టుకు నాకు ఆ బేరంలో పోయింది కూడా తక్కువేం కాదనిపిస్తుంది. గాయకులు వస్తారు, అలాంటి పియానో మళ్లీ ఎక్కడిది?

డబ్బొచ్చింది, పేరొచ్చింది. మొదటి పెళ్లి విడిపోయింది, 1948 మార్చిలో మరియా అనే గాయనిని చేసుకున్నారు. అదే ఏడాది లాస్ ఏంజెలెస్‌లో హాంకాక్ పార్క్ అనే సంపన్నుల పేటలో ఇల్లు కొన్నారు. తెల్లవాళ్లకి తప్ప అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాసుకున్న పేట అది. అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని సుప్రీంకోర్టు ఆ ఏడాది మే నెలలోనే తీర్పిచ్చింది. అయినా ఇరుగుపొరుగు సంఘం కట్టి అభ్యంతరం చెప్పారు. మా పేటలోకి అవాంఛనీయులు రావడం మాకిష్టం లేదన్నారు. తనకీ ఇష్టం లేదని, అలాంటి వాళ్లెవరైనా కనబడితే ముందు తనే ఫిర్యాదు చేస్తానని న్యాట్ జవాబిచ్చారు. ఇల్లు అద్దెకి అడగ్గానే పేరు విని, అయ్యో ఇప్పుడే వేరేవాళ్లకి ఇచ్చేశామండీ అనే మాట మన పట్టణాల్లో వినని కుటుంబం ఉందా? అంత పెద్ద స్టార్ కూడా అదే మాట ఇంకో రకంగా విన్నారు. ఆయన అక్కణ్నుంచి కదల్లేదు. చివరిదాకా ఆ ఇంట్లోనే ఉన్నారు.

ఇక 1956. ఆయన పుట్టిన మాంట్‌గోమరీలో నల్లజాతి ప్రజలు నెలల తరబడి బస్సులెక్కకుండా నడిచి పనులకు వెళ్తున్నారు. సీటు విషయంలో అవమానానికి బదులు కాళ్ల నొప్పులే మేలని. సరిగ్గా ఆ రోజుల్లో, ఏప్రిల్ 10న, అదే రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో న్యాట్ పాడుతున్నారు. హాలులో ఉన్నది తెల్లవాళ్లు మాత్రమే. నల్లవాళ్లకి ఆ రాత్రే ఇంకో ఆట. పాట మధ్యలో కొందరు దుండగులు వేదిక మీదకి దూకి ఆయన్ని పడేశారు. పియానో బల్ల మీద పడి వీపుకి దెబ్బ తగిలింది. పోలీసులు వచ్చి పట్టుకున్నారు. ఆయన తిరిగి వేదిక మీదకి వచ్చి ఇక పాడలేనని చెబితే ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. డాక్టరుకి చూపించుకుని, రాత్రి నల్లజాతి ప్రేక్షకుల ఆట మాత్రం ఆపకుండా పాడారు.

దెబ్బ కంటే ఎక్కువ నొప్పి తర్వాత వచ్చింది. విడివిడిగా కూర్చోబెట్టే హాళ్లలో అసలు ఎందుకు పాడారని సొంతవాళ్లే నిలదీశారు. తను పాటగాణ్ని, ఉద్యమకారుణ్ని కాదని ఆయన అనడం ఇంకా మండించింది. హార్లెంలో కొన్ని చోట్ల ఆయన రికార్డులు తీసేశారు. ఆయనకి ఇది అన్యాయంగా తోచింది. తనని దిగనివ్వని హోటల్ మీద కోర్టుకెక్కిన మనిషి, ఇంటి కోసం ఒక పేటతో తలపడ్డ మనిషి. కానీ విమర్శ చేసినవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. మాంట్‌గోమరీలో చెప్పులరిగేలా నడుస్తున్న పనిమనిషి దృష్టిలో ఆ హాలు ఆ బస్సు లాంటిదే. న్యాట్ ఆ తర్వాత నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీలో జీవిత సభ్యుడయ్యారు.

ఆ ఏడాది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఆయన వయొలిన్లన్నీ పక్కనపెట్టి స్టూడియోకి వెళ్లారు. పాత స్నేహితుల్ని ఒక్కొక్కరిగా పిలిచారు. హ్యారీ ఎడిసన్ ట్రంపెట్, స్టఫ్ స్మిత్ వయొలిన్, విల్లీ స్మిత్ సాక్సఫోన్, హువాన్ టిజోల్ ట్రాంబోన్. పియానో ముందు తనే కూర్చున్నారు. 'స్వీట్ లొరేన్' మళ్లీ వాయిస్తూ పాడారు. 'ఆఫ్టర్ మిడ్‌నైట్' పేరుతో ఆ రికార్డు 1957లో వచ్చింది. దాన్ని విన్నాక వేళ్లు ఏమీ మర్చిపోలేదని అర్థమవుతుంది. పైగా, అప్పటి రెక్కల విన్యాసం కొంచెం తగ్గి, ఇప్పుడు ఒక ఓర్పు వచ్చింది.

అదే నవంబరులో ఎన్‌బీసీలో ఆయన పేరు మీద టీవీ షో మొదలైంది. దేశమంతా చూసే చానల్లో నల్లజాతి మనిషి ఇంటివాడిలా వచ్చి అతిథుల్ని ఆహ్వానించడం చాలామందికి కొత్త. ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్, హ్యారీ బెలఫాంటే, పెగ్గీ లీ లాంటి పెద్దవాళ్లు నామమాత్రపు డబ్బుకి వచ్చి పాడారు. దక్షిణాదిలో సరుకు అమ్ముడుపోదేమోనన్న భయంతో, దేశవ్యాప్తంగా ఖర్చు భరించే కంపెనీ ఒక్కటీ ముందుకి రాలేదు. వింతేమిటంటే, 1940లలో ఆయన రేడియో కార్యక్రమానికి ఒక తలనూనె కంపెనీ డబ్బులు పెట్టింది. రేడియోలో గొంతుకి రంగు లేదు మరి. 1957 డిసెంబరులో ఆయనే షో ఆపేశారు. ప్రకటనల కంపెనీలకి చీకటంటే భయమని అన్నారు.

తర్వాతి ఏళ్లు వరుసగా రికార్డులు, విదేశాల్లో కచేరీలు. సిగరెట్ మాత్రం వదల్లేదు. అదే తన గొంతుకి ఆ గరుకుదనం ఇస్తోందని నమ్మేవారు. 1964 డిసెంబరులో ఊపిరితిత్తుల క్యాన్సరని తేలింది. ఆ నెలలోనే చివరి ఆల్బమ్ పాటలు పూర్తి చేశారు.

1965 ఫిబ్రవరి 1న షికాగో నాటి పాస్టర్ ఎడ్వర్డ్ కోల్స్ చనిపోయారు. రెండు వారాలకి, ఫిబ్రవరి 15న, శాంటా మోనికా ఆసుపత్రిలో కొడుకు కూడా వెళ్లిపోయారు. వయసు 45. తమ్ముడు ఫ్రెడ్డీ కోల్ మాత్రం ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా పియానో వాయిస్తూ, పాడుతూ ఉన్నారు.